తాత కట్టిన ఇల్లు: వీలునామా చాలా, ట్రస్టు కావాలా?

కోవిల్‌పట్టి నుంచి సాత్తూరు మీదుగా విరుదునగర్ దాదాపు 50 కిలోమీటర్లు. ఆ దారికి అటూ ఇటూ ఉన్న నల్లరేగడి పల్లెల్లో వందల ఏళ్లుగా తెలుగు మాట్లాడే కుటుంబాలున్నాయి. కమ్మవార్ నాయుళ్లు, రెడ్డియార్లు, కంబళం నాయకర్లు, ఇంకా పడమటికి వెళ్తే రాజపాళయం రాజులు. బడిలో, బజార్లో, రిజిస్టరాఫీసులో తమిళం. గడప లోపల తెలుగు. ఇప్పుడు పిల్లలు చెన్నైలోనో డల్లాస్‌లోనో ఉంటున్నారు, తాత కట్టిన ఇల్లు మాత్రం ఇక్కడే ఉంది. ఆ ఇంటిని ఏం చేయాలన్నదే ఈ సంవాదం. మామ కోవిల్‌పట్టిలో తీపెట్టి ఆఫీసు నడిపి మానుకున్న పెద్దాయన. అగ్గిపెట్టెల కార్ఖానాను ఈ వైపు అలాగే పిలుస్తారు. మేనకోడలు విరుదునగర్‌లో సివిల్ దావాలు చూసే వకీలు. వీళ్లు ఫలానా కుటుంబమని ఎవరూ వెతకనక్కర్లేదు. చాలా ఇళ్లలో నడిచే వాదనను రెండు గొంతుల్లో పెట్టానంతే.

మామ: నేను ఒక నిర్ణయానికి వచ్చేశానమ్మా. ఇంటిని ట్రస్టుకు రాసేస్తాను. అమెరికాలో ఇల్లూ వాకిలీ ఉన్నవాళ్లు బతికుండగానే ట్రస్టు పెట్టుకుంటారట, డల్లాస్ నుంచి పెద్దోడు చెప్పాడు. అమ్మకూడదు, పంచకూడదు, తాకట్టు పెట్టకూడదు, నా మనవళ్లకూ వాళ్ల మనవళ్లకూ ఉమ్మడిగా ఉండాలి అని రాసి రిజిస్టరు చేస్తే నేను నిశ్చింతగా కళ్లు మూస్తాను.

మేనకోడలు: బావ చెప్పింది వాళ్లుండే చోటికి సరిపోతుంది మామా. అక్కడ మనిషి పోయాక ఆస్తి చాలావరకు కోర్టు గుండా వారసులకు చేరాలి. నెలలు పడుతుంది, డబ్బూ అవుతుంది. ఆ తిప్పలు తప్పించుకోవడానికే చాలామంది ట్రస్టు రాస్తారు. బాగా ఉన్నవాళ్లకు ఎస్టేట్ పన్ను బెడద కూడా ఉంది. మనకు ఆ రెండూ లేవు. ఇక్కడ ఎస్టేట్ డ్యూటీ 1953లో వచ్చింది, 1985లో ఎత్తేశారు. వీలునామాకు కోర్టు ధ్రువీకరణ, అంటే ప్రొబేట్, తప్పనిసరి అన్న నియమం 2025 దాకా ఉన్నా, అది మద్రాసు, బొంబాయి నగరాలకూ పాత బెంగాల్ ప్రాంతానికీ సంబంధించింది. కోవిల్‌పట్టి ఇంటి గురించి కోవిల్‌పట్టిలో కూర్చుని హిందువు రాసిన వీలునామాకు అది ఎన్నడూ లేదు. ఇంకో మాట. ఇల్లూ నేలా ఏ దేశంలో ఉంటే ఆ దేశపు చట్టమే నడుస్తుంది. డల్లాస్‌లో రాసుకున్న ట్రస్టు కాగితం ఇక్కడ రిజిస్టరు కాకపోతే మీ ఇంటిని అంటుకోదు.

మామ: పన్ను ఎగ్గొడదామని కాదమ్మా, నాది భయం. మన వీధి చివరి ఇల్లు చూశావుగా. అన్నదమ్ములు నలుగురు. పెద్దాయన పోయి ఏడాది తిరగలేదు, కూటం మధ్యలో గోడ లేచింది. మూడోవాడు తన భాగాన్ని వడ్డీ వ్యాపారికి రాసిచ్చాడు. ఇప్పుడు వంటింటి పక్కనే ముక్కూమొహం తెలియనివాడి కాపురం. మా తాత పత్తి అమ్మిన డబ్బుతో ఒక్కో గదీ వేసుకుంటూ వచ్చిన ఇల్లు ఇది. దీనికీ ఆ గతి పట్టాలా?

మేనకోడలు: మిగతా ముగ్గురూ చేతులు కట్టుకుని కూర్చున్నారు కాబట్టి అలా జరిగింది. కుటుంబం ఉమ్మడిగా కాపురముంటున్న ఇంట్లో ఒకరు తన వాటాను పరాయివాడికి అమ్మితే, కొన్నవాడికి ఆ ఇంట్లోకొచ్చి వాళ్లతోపాటు కాపురం పెట్టే హక్కు లేదు. ఆస్తి బదిలీ చట్టం 44వ సెక్షన్ ఆ మాట చెబుతుంది. వాడు భాగం పంచమని దావా వేస్తే, 1893 విభజన చట్టం 4వ సెక్షన్ కింద మిగతావాళ్లు కోర్టు కట్టిన ధరకు ఆ వాటా తామే కొనుక్కోవచ్చు. వీలునామా లేకుండా వచ్చిన ఆస్తిలో ఒక వారసుడు తన వాటా అమ్మదలిస్తే, కొనే హక్కు ముందు తోటి వారసులకని హిందూ వారసత్వ చట్టం 22వ సెక్షన్ ఉంది. చట్టంలో గడియలకు లోటు లేదు, వేసుకునేవాళ్లే లేరు.

మామ: అవన్నీ కోర్టు మెట్లెక్కే ఓపిక ఉన్నవాళ్లకు. ఆ మెట్లే ఎక్కక్కర్లేని కాగితం కావాలి నాకు. ఏడు తరాల దాకా ఎవడూ ముట్టుకోకూడదు.

మేనకోడలు: ఏడు తరాలు కుదరదు మామా. మీకంటే ఎంతో పెద్దవాళ్లు ప్రయత్నించి ఓడిపోయారు. కలకత్తాలో ప్రసన్నకుమార్ టాగోర్ అని గొప్ప వకీలు ఉండేవాడు. కొడుకు జ్ఞానేంద్రమోహన్ క్రైస్తవంలో చేరాడని వీలునామాలో అతనికి చిల్లిగవ్వ రాయలేదు. ఆస్తిని సోదరుడి కొడుకు జతీంద్రమోహన్‌కూ, అతని తర్వాత మగసంతానపు వరసలో తరతరాలకూ వెళ్లేలా ట్రస్టీల చేతిలో పెట్టాడు. ఆయన 1868లో పోయాడు. వ్యాజ్యం లండన్‌లో ప్రివీ కౌన్సిల్ దాకా వెళ్లింది. 1872లో వాళ్లేం తేల్చారంటే, జతీంద్రమోహన్ బతికినంత కాలం అనుభవించవచ్చు, ఆ తర్వాత తరతరాలకని రాసిన వరస చెల్లదు, మిగిలిన హక్కు సహజ వారసుడికి పోతుంది. ఆ సహజ వారసుడు ఎవరనుకున్నారు? తండ్రి వెలివేసిన కొడుకే.

మామ: అంత తెలివిగలవాడు రాసిందే నిలవలేదా!

మేనకోడలు: నిలవలేదు. ఇప్పటి చట్టం హద్దు కూడా గీసింది. ఇప్పుడు బతికున్నవాళ్ల జీవితకాలం, ఆపైన అప్పటికి పుట్టే వారసుడికి మైనారిటీ తీరే 18 ఏళ్లు, అంతవరకే ఆస్తిని కట్టిపెట్టగలం. ఒకరికి పూర్తి హక్కుతో ఇచ్చి "ఎన్నటికీ అమ్మకూడదు" అని రాస్తే ఇల్లు వాళ్లకు దక్కుతుంది, షరతు గాలికి పోతుంది.

మామ: మరి రాజపాళయం మాటేమిటి? పూసపాటి కుమారస్వామి రాజా మనవాళ్లలో మనవాడే. 1949 నుంచి 1952 దాకా మద్రాసు రాష్ట్రానికి ముఖ్యమంత్రి, ఆ తర్వాత ఒడిశాకు గవర్నరు. ఆయన తన ఇంటిని గాంధీ కలై మన్రానికి ఇచ్చేశాడు. ఆయన పోయింది 1957లో. ఇన్నేళ్లయినా ఆ ఇంట్లో గోడ లేవలేదే?

మేనకోడలు: మంచి ఉదాహరణ తెచ్చారు. అయితే ఆయన ఇంటిని ఊరికి ఇచ్చాడు, మనవళ్లకు ఇవ్వలేదు. ప్రజల మేలు కోసం, ధర్మం కోసం పెట్టిన ఆస్తికి ఇప్పుడు చెప్పిన కాలపరిమితి అడ్డు రాదు. ఆస్తి బదిలీ చట్టం 18వ సెక్షన్ ఆ వెసులుబాటు ఇచ్చింది. మీరూ ఇంటిని గ్రంథాలయానికో సత్రానికో రాస్తే శాశ్వతంగా ఉంచవచ్చు. అప్పుడు బావకు గానీ వదినకు గానీ అది ఇల్లు కాదు, సెలవులకొచ్చి చూసిపోయే చోటు. ఇల్లు మనవళ్లదీ కావాలి, శాశ్వతంగానూ ఉండాలి అంటే రెండూ ఒకచోట ఇమడవు.

మామ: సరే, ఏడు తరాలు వద్దు. చట్టం ఎంతవరకు ఒప్పుకుంటే అంతవరకు రాయి. ముగ్గురు మనవళ్లను ట్రస్టీలుగా పెడదాం.

మేనకోడలు: ఒకడు డల్లాస్, ఒకడు చెన్నై, ఒకడు ఇంకా కాలేజీ. 1882 ట్రస్టుల చట్టం ప్రకారం, కాగితంలో వేరే ఏర్పాటు రాసి ఉంటే తప్ప, ట్రస్టీలందరూ కలిసే పని చేయాలి. కప్పు కారుతుంటే ముగ్గురి సంతకం కావాలి. అద్దెకిద్దామంటే ముగ్గురూ ఒప్పుకోవాలి. ఒకడు పలకకపోతే మిగతా ఇద్దరూ కోర్టుకు పోవాలి. పైగా ట్రస్టుకు మీరు ఇస్తున్నది ఇల్లు ఒక్కటే, చేతి ఖర్చుకు పైసా లేదు. ఇంటి పన్ను ఎవరు కట్టాలి? వేసవిలో నీళ్ల ట్యాంకరుకు ఎవరివ్వాలి? డబ్బు లేని ట్రస్టులో ఇల్లు పెడితే అమ్మే హక్కు ఎవరికీ ఉండదు, బాగుచేసే స్తోమతా ఎవరికీ ఉండదు. పదేళ్లలో గోడల మీద రావిచెట్టు మొలుస్తుంది. అలాంటి ఇళ్లు మన రెండూళ్ల మధ్య ఎన్ని చూపించమంటారు?

మామ: ఉయిలు, అదే వీలునామా, మాత్రం గొప్పదా? నేను పోయాక ఎవడో ఒకడు లేచి, ముసలాయనకు మతి లేనప్పుడు రాయించారంటాడు. అప్పుడు సాక్షుల్ని వెతకాలి. ట్రస్టు పత్రం నేను బతికుండగానే రిజిస్టరవుతుంది. నన్నే అడిగి తేల్చుకోవచ్చు కదా.

మేనకోడలు: ఆ మాట ఒప్పుకుంటాను. వీలునామాకు అసలు పరీక్ష రాసినవాడు లేనప్పుడే మొదలవుతుంది. పిఠాపురం సంగతి మాకు లా కాలేజీలో చెప్పేవాళ్లు. గంగాధర రామారావుగారికి ముందు దత్తపుత్రుడు ఉన్నాడు, తర్వాత సూర్యారావు పుట్టాడు. జమీ సూర్యారావుకే అని వీలునామా రాశారు. దత్తపుత్రుడు వ్యాజ్యం వేశాడు. 1899లో ప్రివీ కౌన్సిల్ వీలునామాను నిలబెట్టింది. ఆ సూర్యారావుగారి పేరు మీదే మన నిఘంటువు ఉంది, సూర్యరాయాంధ్ర నిఘంటువు. వీలునామా నిలబడుతుంది మామా.

మామ: నిలబడిందమ్మా, లండను దాకా వెళ్లొచ్చాక! జమీందారు కాబట్టి తట్టుకున్నాడు. నా పిల్లలు మదురై బెంచి దాకా వెళ్లినా ఇంటి విలువలో సగం వకీళ్లకే పోతుంది.

మేనకోడలు: అందుకే ఏ కాగితం రాయాలన్న దానికంటే ముందు ఇంకో ప్రశ్న ఉంది. అది అడగడానికే నాకు మొహమాటంగా ఉంది. ఈ ఇల్లు ఎవరిది?

మామ: ఎవరిదేమిటి? పట్టా నా పేరన ఉంది. ఇంటి పన్ను నేనే కడుతున్నాను.

మేనకోడలు: పట్టా రెవెన్యూ లెక్క, హక్కు పత్రం కాదు. పన్ను రసీదు కూడా అంతే. ముత్తాత కట్టాడు. భాగాల్లో తాతకు వచ్చింది. తాత 1982లో వీలునామా రాయకుండా పోయాడు. తర్వాత అమ్మమ్మ పోయింది. తాతకు పిల్లలెందరు?

మామ: నేనూ, మీ అమ్మ.

మేనకోడలు: అదే నేననేది. పాత లెక్కే వేద్దాం. తాత పోయిననాడు ఉమ్మడి ఆస్తిలో సగం మీది, సగం తాతది. తాత సగం అమ్మమ్మకూ మీకూ అమ్మకూ మూడు సమభాగాలు. అమ్మమ్మ వాటా మళ్లీ మీ ఇద్దరికీ చెరి సగం. మొత్తం కూడితే ఇంట్లో పావు వంతు అమ్మది. కొత్త లెక్కన ఇంకా ఎక్కువ. 2005 సవరణ కూతురికీ పుట్టుకతోనే కొడుకుతో సమానమైన హక్కు ఇచ్చింది. తండ్రి అప్పటికి బతికే ఉండాలన్న నిబంధన లేదని 2020 ఆగస్టులో వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఆ తీర్పు పట్టుకుని అమ్మ సగం అడగవచ్చు.

మామ: మా అక్క పెళ్లి 1974లోనే అయిపోయింది. పెళ్లయిన ఆడపిల్లలకు లేదని అప్పట్లో అన్నారే?

మేనకోడలు: అది 1989 నాటి తమిళనాడు చట్టం. అప్పటికే పెళ్లయినవాళ్లను అది పక్కన పెట్టింది. 2005 కేంద్ర సవరణలో ఆ తేడా లేదు.

మామ: అక్క ఏనాడూ అడగలేదమ్మా. దీపావళికి చీర పెడతాం, మీ పెళ్లిళ్లకు చేయాల్సిందంతా చేశాం.

మేనకోడలు: చేశారు, కాదనను. అమ్మ ఇప్పటికీ అడగకపోవచ్చు. కానీ చీర విడుదల పత్రం కాదు. మీరు ఇల్లంతా మీదని ట్రస్టుకు రాస్తే, ఆ పావు వంతో సగమో దగ్గర ట్రస్టు మొదటిరోజే చిల్లు పడుతుంది. అమ్మ అడగదు సరే, అమ్మ తర్వాత మా తమ్ముడు అడుగుతాడు. ఇంకో సంగతి కూడా ఇప్పుడే చెప్పాలి. నేను మీ పత్రం రాయకూడదు. ఈ ఇంట్లో మా అమ్మకు వాటా ఉంది కాబట్టి మీరు వేరే వకీలును పెట్టుకోవాలి. నేను మేనకోడలిగా మాట్లాడుతున్నాను, అంతవరకే.

మామ: ...మంచిది. దాచకుండా చెప్పావు. అయితే నేనూ దాచనమ్మా. తాత, ఇల్లు, ఏడు తరాలు అన్నానే, అదంతా పైమాట. నా దిగులు చిన్నోడి గురించి. వాడికి 34 ఏళ్లు. అన్నం పెట్టి పిలిస్తే తింటాడు. పది రూపాయల నోటుకూ నూరు రూపాయల నోటుకూ తేడా తెలియదు. వీధి గేటు, వేపచెట్టు, వాళ్లమ్మ, ఇదే వాడి లోకం. మేమిద్దరం పోయాక భాగాలన్నారంటే వాడి చేత వేలిముద్ర వేయించుకుని ఏ ఆశ్రమంలోనో దింపుతారు. పెద్దోడు చెడ్డవాడు కాదు, దూరంగా ఉన్నాడు. రెండోవాడికి అప్పులున్నాయి. అందుకే అమ్మకూడదు, పంచకూడదు అన్నాను.

మేనకోడలు: ఈ మాట ముందే చెప్పి ఉంటే టాగోర్ల దాకా వెళ్లేవాళ్లం కాదు మామా. చిన్న బావ కోసమైతే ట్రస్టు కావాలి. ఇందులో మీదే రైటు. వీలునామాలో అతనికి నేరుగా వాటా రాస్తే, ఆ వాటాను కాపాడుకోవడం అతనికి చేతకాదు. వేరొకరి పేరన రాసి "తమ్ముణ్ణి చూసుకో" అంటే అది నోటిమాట, దాన్ని నిలదీసేవారు ఉండరు. ట్రస్టయితే ఆస్తి ట్రస్టీ పేరన ఉంటుంది, అనుభవం చిన్న బావది. ట్రస్టీ ఆ ఆస్తిని తన లాభానికి వాడుకోకూడదని చట్టమే అంటుంది. లెక్క అడిగే హక్కు ఉంటుంది.

మామ: అదే కదా నేను పొద్దుటినుంచీ చెబుతున్నది!

మేనకోడలు: కాదు, మీరు ఇంటికి ట్రస్టు అన్నారు. నేను చిన్న బావకు ట్రస్టు అంటున్నాను. తేడా కాగితంలో తెలుస్తుంది. మీరన్నట్టు రాస్తే ఇల్లు ఎన్నటికీ అమ్మకూడదు. రేపు చిన్న బావకు పెద్ద జబ్బు చేస్తే వైద్యానికి డబ్బుండదు, ఇల్లు మాత్రం ఉంటుంది. నేనన్నట్టు రాస్తే ట్రస్టీలకు అధికారం ఇస్తాం. ముందు భాగం అద్దెకిచ్చి ఆ డబ్బు అతని తిండికీ మందులకూ వాడాలి. అవసరం పడితే ఇల్లు అమ్మి, అతనికి అలవాటైన వీధిలోనే చిన్న ఇల్లు కొని, మిగిలింది బ్యాంకులో వేయాలి. అతని జీవితం ఉన్నంత వరకే ట్రస్టు. తర్వాత మిగిలింది మిగతా పిల్లలకు సమానంగా. ఒక జీవితకాలమే కాబట్టి కాలపరిమితి చిక్కు కూడా లేదు.

మామ: అమ్మే అధికారం ఇస్తే రెండోవాడు మర్నాడే అమ్మిస్తాడు.

మేనకోడలు: అతన్ని ట్రస్టీగా పెట్టకండి. సాత్తూరులో ఉన్న వదినను ఒకరిగా పెట్టండి, కుటుంబం బయటి నమ్మకస్థుణ్ణి ఇంకొకరిగా పెట్టండి. అమ్మాలంటే ఇద్దరి సంతకం కావాలనీ, ఒకరు పోతే ఎవరు రావాలనీ కాగితంలోనే రాయండి. ట్రస్టీకి శ్రమకు తగ్గ డబ్బు ఇవ్వాలనుకుంటే అదీ రాయండి, రాయకపోతే చట్టం ఇప్పించదు. ఇంకో పని మీరు బతికుండగానే చేయాలి. ట్రస్టు ఆస్తిని చూస్తుంది, మనిషి బాగోగులకు సంరక్షకుడు వేరే కావాలి. చిన్న బావ లాంటి వాళ్లకు 18 ఏళ్లు నిండాక కూడా సంరక్షకుణ్ణి నియమించడానికి 1999 నేషనల్ ట్రస్టు చట్టం ఉంది. జిల్లా కలెక్టరు ఉండే స్థానిక కమిటీకి దరఖాస్తు పెట్టుకోవాలి. తల్లిదండ్రులు ఉన్నారు కదా అని చాలామంది పెట్టరు, వాళ్లు పోయాక పెట్టేవారు ఉండరు.

మామ: అయితే ట్రస్టు ఇప్పుడే రిజిస్టరు చేద్దాం.

మేనకోడలు: ఇక్కడ మీతో నేను ఏకీభవించను. బతికుండగా పెట్టే ట్రస్టుకు రిజిస్ట్రేషన్ తప్పదు. రద్దు చేసుకునే అధికారం అందులో మీకు మీరు ఉంచుకోకపోతే, తర్వాత అనుభవదారులందరూ ఒప్పుకుంటే తప్ప వెనక్కి తీసుకోలేరు. చిన్న బావ ఒప్పుకోలేడు, అతనికి ఆ శక్తి లేదు. అదే ట్రస్టును వీలునామాలో రాయండి. స్టాంపు ఖర్చు లేదు. మీరు పోయాకే అమల్లోకి వస్తుంది. రేపు వదిన ఊరు మారినా, చట్టం మారినా ఇంకో వీలునామా రాసుకోవచ్చు. చివరిదే చెల్లుతుంది.

మామ: సెటిల్మెంటు సంగతేమిటి? మన వీధిలో అందరూ అదే రాస్తున్నారు. కుటుంబంలో వాళ్లకైతే స్టాంపు 1 శాతం, అదీ 40 వేలకు మించదు, రిజిస్ట్రేషన్ 10 వేలకు మించదు. పట్టా వెంటనే మారుతుంది.

మేనకోడలు: చవకే. సంతకం చేసిన నిమిషం నుంచి ఇల్లు వాళ్లదవుతుంది. చూసుకోవాలన్న షరతుతో ఇచ్చి, చూడకపోతే రద్దు చేయించుకోవడానికి 2007 వృద్ధుల సంక్షేమ చట్టం 23వ సెక్షన్ ఉంది. ఆర్డీఓ దగ్గర ట్రిబ్యునల్ కూర్చుంటుంది. వృద్ధులకు మేలు జరిగేలా ఆ చట్టాన్ని ఉదారంగా చదవాలని 2025 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అంది. అయినా ఇచ్చేసి మళ్లీ అడుక్కునే వయసా మీది? ఉంచుకోండి.

మామ: మీ అత్త మాట మరిచాం. ఆమె బతికినంత కాలం ఇంట్లో ఉండే హక్కు రాస్తాను, అమ్మే హక్కు వద్దు.

మేనకోడలు: అలా సగం హక్కు రాసిన చోటే వ్యాజ్యం పుడుతుంది. నెల్లూరు తులశమ్మ కేసు తెలుసా? భర్త పోయాక ఆమె భరణం కోసం భర్త సవతి సోదరుడు శేషారెడ్డి మీద దావా వేసింది. 1949లో రాజీ కుదిరింది. కొంత ఆస్తి బతికినంత కాలం అనుభవించమని ఇచ్చారు, అమ్మే హక్కు లేదన్నారు. ఆమె అమ్మింది. 1977లో సుప్రీంకోర్టు ఆమెకు పూర్తి హక్కు ఉందంది. భరణం ఆమెకు ముందునుంచీ ఉన్న హక్కు, దానికి బదులుగా వచ్చిన ఆస్తి 1956 చట్టం 14వ సెక్షన్‌తో సొంతమైపోయిందని తీర్పు. భర్త వీలునామాలో పరిమిత హక్కే రాసినప్పుడు అదే సెక్షన్‌లోని రెండో భాగం అడ్డం వస్తుందని అవతలివాళ్లు వాదిస్తారు. కోర్టులు రెండు వైపులా తీర్పులిచ్చాయి. ఆ లాగులాట అత్తకెందుకు? మీ వాటాలో ఒక భాగం ఆమె పేరన పూర్తి హక్కుతో రాయండి.

మామ: ఆమె పేరన ఉంటే ఏడ్చి ఏడిపించి రాయించుకుంటారమ్మా.

మేనకోడలు: ఆమె పేరన లేకపోతే ఆమెను అడగను కూడా అడగరు మామా.

మామ: ఈ ఒక్క విషయంలో నీ మాట నాకు ఎక్కడంలేదు. ఆలోచిస్తాను. మిగతాది చెప్పు, ఉయిలు గట్టిగా నిలవాలంటే ఏం చేయాలి?

మేనకోడలు: ఇద్దరు సాక్షులు తప్పనిసరి. మీరు సంతకం చేయడం వాళ్లు చూడాలి, మీ ఎదుటే వాళ్లూ సంతకం చేయాలి. మీకంటే చిన్నవాళ్లను పెట్టుకోండి, మీ తర్వాత వాళ్లలో ఒకరైనా కోర్టుకొచ్చి చెప్పాలి. ఆస్తి పొందేవాళ్లు సాక్షులుగా వద్దు, కాగితం రాయించడంలోనూ ముందుండకూడదు. అనుమానం కలిగించే పరిస్థితులుంటే, వీలునామాను తెచ్చినవాడే వాటిని తొలగించాలని 1958లో వెంకటాచల అయ్యంగార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఇప్పటికీ ప్రతి వీలునామా వ్యాజ్యంలో ఆ తీర్పు వినబడుతుంది. ఒకరికి ఎక్కువ రాస్తే ఎందుకో ఒక వాక్యం రాయండి. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, అయినా చేయించండి. రహస్యం కావాలంటే సీలు వేసి జిల్లా రిజిస్ట్రారు దగ్గర దాచుకునే ఏర్పాటు కూడా ఉంది. వీటన్నిటికంటే ముందు అమ్మతో కూర్చోండి. ఆమె విడుదల పత్రం రాస్తే రాయించండి, వాటా కావాలంటే కొలిచి ఇవ్వండి. ఆ తర్వాతే మీ వీలునామా.

మామ: పోనీ, పిల్లల్లో ఎవరైనా తన వాటా అమ్మదలిస్తే ముందు తోడబుట్టినవాళ్లనే అడగాలని రాయొచ్చా? ఆ మాత్రమైనా నాకు దక్కనీ.

మేనకోడలు: రాయొచ్చు. ఎంత ధరకు, ఎన్నాళ్లలోపు కొనాలో కూడా రాయండి. అమ్మనే కూడదన్నది నిలవదు, ముందు మనవాళ్లకన్నది నిలుస్తుంది.

వాదనలో ఇద్దరూ చెరి సగం గెలిచారు. ఇంటిని తరతరాలకూ తాళం వేసి ఉంచే కాగితం మన చట్టంలో లేదని మేనకోడలు చూపింది. తన బాగు తాను చూసుకోలేని మనిషి ఇంట్లో ఉంటే ఒట్టి వీలునామా చాలదని మామ చూపాడు. పాఠకులకు చెప్పేది ఒకటే. మామూలు కుటుంబానికి స్పష్టంగా రాసిన వీలునామా చాలు. మైనరు గానీ, మానసిక వైకల్యం ఉన్న బిడ్డ గానీ ఉంటే ఆ వీలునామాలోనే ట్రస్టు పెట్టండి. అంతకంటే ముందు, పట్టాలో పేరు చూసి మురిసిపోకుండా ఇంట్లో అక్కచెల్లెళ్ల వాటా ఎంతో తేల్చుకోండి. ఏమీ రాయకుండా కన్నుమూసిన హిందూ పురుషుడి సొంత ఆస్తిని 1956 చట్టం తల్లి, భార్య, కొడుకులు, కూతుళ్ల మధ్య సమానంగా పంచేస్తుంది. ఆ పంపకంలో చిన్నోడికీ సమానమైన వాటా వస్తుంది. ఆ వాటాను అతని కోసం చూసేవారిని మాత్రం ఆ చట్టం నియమించదు, ఆ పని తల్లిదండ్రులే బతికుండగా చేయాలి.